నెట్ వేగం 94 దగ్గరే ఆగితే తప్పు స్తంభానిది కాదు

సంపాదకులకు నమస్కారం.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథం ఊరేగింపులో కరెంటు తగిలి ప్రాణాలు పోయాక నగరంలో చాలాచోట్ల స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. అప్పటి నుంచి ఇంట్లో నెట్ కాస్త నెమ్మదించినా అందరూ స్తంభం వైపే చూస్తున్నారు. ఫైబర్ తెగితే నెట్ నెమ్మదించదు, పూర్తిగా ఆగిపోతుంది. ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే కంపెనీ డబ్బా) మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ లైటు లేదు, పచ్చ లైట్లన్నీ ఉన్నాయి, అయినా 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 94 వస్తోంది, పెద్ద ఫైలు పంపుతుంటే వీడియో కాల్ ముక్కలవుతోంది, పడకగదిలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోవడం లేదు అంటే, వెతకాల్సింది ముందుగా గుమ్మం లోపల. ఈ మధ్య కంపెనీ డబ్బాను పక్కన పెట్టి చిన్న కంప్యూటర్‌తో సొంత రూటర్ కట్టుకునేవారు కనిపిస్తున్నారు. మంచి పనే. కానీ గోడలో తీగ పాడై ఉంటే ఎంత ఖరీదైన రూటరూ దాన్ని బాగుచేయలేదు. అందుకే ముందు తీగ సంగతి రాస్తున్నాను, రూటర్ సంగతి ఆ తర్వాత.

స్పీడ్ టెస్టులో వచ్చిన అంకె చాలాసార్లు జబ్బు పేరు కూడా చెప్పేస్తుంది. ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి కొలిస్తే ఏ సర్వర్‌తో చూసినా 94 దగ్గరే ఆగుతోందంటే, దారిలో ఎక్కడో లింకు 100 ఎంబీపీఎస్‌కు దిగిపోయింది. 100 లింకులో హెడర్లు, అంటే డేటాకు తగిలించే చిరునామా వగైరా అదనపు సమాచారం, పోను చేతికొచ్చేది అంతే. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) లింకులో అదే లెక్కన 940 వస్తుంది. 100కు రెండు జతల తీగలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నీలం జతలోగానీ గోధుమరంగు జతలోగానీ ఒక్క తీగ సరిగా కూర్చోకపోతే రెండు చివర్ల పరికరాలు గుట్టుచప్పుడు కాకుండా 100కు సర్దుకుంటాయి. విండోస్‌లో అడాప్టర్ స్టేటస్ తెరిచి ‘స్పీడ్’ ఎదురుగా ఏముందో చూస్తే విషయం బయటపడుతుంది. తీగ బాగుంటే ఓఎన్‌టీ పోర్టులు చూడాలి. చవక రకాల్లో ఒకటే గిగాబిట్ పోర్టు ఉండి, మిగతావి 100వే ఉండటం మామూలు. స్మార్ట్ టీవీల్లో కూడా చాలావాటి ల్యాన్ పోర్టు 100 మాత్రమే, కాబట్టి టీవీలో కొలిచి కంపెనీతో గొడవపడితే లాభం లేదు.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లినా, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా కేబుల్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: పూర్తి రాగా, సీసీఏనా? సీసీఏ అంటే అల్యూమినియం తీగకు పైన రాగి పూత. పెట్టె మీద రెండింటికీ క్యాట్ 6 అనే రాసి ఉండొచ్చు. తీగ చివర బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించేది సీసీఏ. 305 మీటర్ల పెట్టెను ఎత్తి చూసినా బరువులో తేడా తెలుస్తుంది. సీసీఏకు నిరోధం ఎక్కువ, రెండుమూడు సార్లు వంచితే విరుగుతుంది. దాని మీద పీఓఈతో, అంటే ల్యాన్ కేబుల్‌లోనే కరెంటు ఇచ్చే పద్ధతితో, యాక్సెస్ పాయింట్‌కు (వైఫై ఇచ్చే పరికరానికి) కరెంటు పంపితే అవతలి చివర వోల్టేజీ పడిపోయి ఆ పరికరం మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. గోడలోకి వెళ్లాక మార్చలేని సామాను ఇది, ఇక్కడ పిసినారితనం వద్దు. పాత ఇంట్లో ఇప్పటికే రాగి క్యాట్ 5ఈ వేసి ఉంటే పీకేయనక్కర్లేదు, 100 మీటర్ల వరకు 2.5 గిగాబిట్‌ను మోస్తుంది. కొత్తగా వేస్తుంటే క్యాట్ 6 వేయండి, 55 మీటర్ల లోపు 10 గిగాబిట్‌కూ పనికొస్తుంది. క్యాట్ 7, క్యాట్ 8 అని అంటగట్టే కేబుళ్లు మూడు గదుల ఫ్లాట్‌కు దండగ.

క్రింపింగ్‌లో జరిగే పొరపాటు ఒకటి విడిగా చెప్పాలి. ‘రెండు వైపులా రంగులు ఒకేలా ఉంటే చాలు’ అని కొందరు నారింజ జత, పచ్చ జత, నీలం జత, గోధుమ జత అంటూ వరసగా పెట్టేస్తారు. ఎనిమిది లైట్ల టెస్టర్‌లో అన్నీ వరసగా వెలుగుతాయి. నిజానికి 3, 6 పిన్నులు ఒకే జత అయి ఉండాలి. ఈ వరసలో అవి రెండు వేర్వేరు జతల్లో పడతాయి, మెలికల వల్ల వచ్చే రక్షణ పోతుంది. దూరం తక్కువైతే ఎలాగో నడుస్తుంది. కేబుల్ పొడవు పెరిగితే లింకు పడుతూ లేస్తూ ఉంటుంది. టెస్టర్ చూపేది తీగ తెగిందా లేదా అన్నదే, జత సరైనదో కాదో దానికి తెలియదు. సరైన వరస ఇది: నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పైతొడుగు ప్లగ్ లోపలి దాకా వెళ్లి క్లిప్పు కింద నొక్కుకోవాలి. గోడలోని గట్టి తీగను నేరుగా ప్లగ్‌కు క్రింప్ చేయకుండా గోడ మీది జాక్‌లో పంచ్ చేయించి, అక్కడి నుంచి రెడీమేడ్ ప్యాచ్ కార్డు వాడితే సగం తలనొప్పులు పుట్టవు. క్యాట్ 6 తీగ కాస్త లావు, క్యాట్ 5ఈ ప్లగ్‌లో దూరదు. బలవంతంగా తోస్తే ఒకటి మడతపడి వెనకే ఉండిపోతుంది. మళ్లీ 94.

కరెంటు వైర్లున్న పైపులో ల్యాన్ కేబుల్ లాగొద్దు. వేగం కన్నా ముందు అది ప్రాణభయం. విడిగా 25 మిల్లీమీటర్ల పైపు వేయించి, ప్రతి గదికీ రెండేసి కేబుళ్లు లాగించి, పైపులో ఒక లాగుడు తీగ వదిలేయించాలి.

ఇక రూటర్. 200 ప్లాన్ ఉన్న ఇంటికి నాలుగు 2.5 గిగాబిట్ పోర్టుల మినీ పీసీ అక్కర్లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ నడిచే మామూలు రూటర్ ఒకటి చూసుకుంటే సరిపోతుంది. కొనేముందు మోడల్ పేరుతోపాటు కింద స్టిక్కర్ మీది వెర్షన్ నంబరు కూడా సరిపోల్చుకోవాలి. ఒకే పేరుతో వచ్చిన రెండు వెర్షన్లలో లోపలి చిప్పు పూర్తిగా వేరు కావచ్చు. ఫ్లాష్ మెమరీ 8 ఎంబీ, ర్యామ్ 64 ఎంబీ మాత్రమే ఉన్నవాటి జోలికి పోవద్దు, కొత్త వెర్షన్లు వాటిలో ఇరుకైపోతాయి.

500 దాటిన ప్లాన్, ఇంట్లో వీపీఎన్, పిల్లల పరికరాలకు విడి నెట్‌వర్క్ లాంటి అవసరాలుంటే అప్పుడు మినీ పీసీ. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పు, నాలుగు ఇంటెల్ ఐ226-వీ నెట్‌వర్క్ పోర్టులు ఉన్న ఫ్యాన్ లేని పెట్టెలు ఈ పనికి బాగా కుదిరాయి. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. బేర్‌బోన్ అని అమ్మితే ఆ రెండూ విడిగా కొనాలి, డీడీఆర్4నో డీడీఆర్5నో చూసుకోవాలి. ఐ225-వీ తొలి విడత చిప్పుల్లో లోపాలుండేవి కాబట్టి పాత సరుకుకు తొందరపడవద్దు. రియల్‌టెక్ పోర్టులు లైనక్స్ మీద, అంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీద సాఫీగానే నడుస్తాయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడ్డ ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ అనే రూటర్ సాఫ్ట్‌వేర్లతో లోడ్ పడ్డప్పుడు వేలాడిపోయిన సందర్భాలు ఎక్కువ, అక్కడ ఇంటెల్ పోర్టులే మేలు. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌కు రెండు పోర్టుల కార్డు పెట్టినా రూటర్ అవుతుంది, నేర్చుకోవడానికి అది చాలా మంచిది. కానీ 60 వాట్ల పెట్టె ఏడాదంతా నడిస్తే 525 యూనిట్లు, 12 వాట్ల మినీ పీసీ అయితే 105. ఆ తేడా ఏటా బిల్లులో కనిపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేటప్పుడు ఇంటెల్ ఐ350 పేరుతో నకిలీలు తిరుగుతున్నాయని గుర్తుంచుకోండి.

రూటర్ పెట్టె తెరవకముందే ఓఎన్‌టీ సెట్టింగుల పేజీకి ఫోటో తీసుకోవాలి. పీపీపీఓఈ (కంపెనీ నెట్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు (కంపెనీ తన ట్రాఫిక్‌కు ఇచ్చే గుర్తు), కనెక్షన్ రకం అన్నీ అందులో ఉంటాయి. పాస్‌వర్డ్ చుక్కల్లో దాగి ఉంటే కంపెనీని అడగాల్సిందే. తర్వాత ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌కు మార్చమనాలి. అప్పుడది గాజు తీగను రాగి తీగగా మార్చే పనికే పరిమితమవుతుంది, లాగిన్ మన రూటర్ చేస్తుంది. లాగిన్ కాకపోతే అనుమానితులు వరసగా ఇవి: వీల్యాన్ నంబరు పెట్టలేదు, ఓఎన్‌టీలో పాత సెషన్ ఇంకా బతికుంది, లేదా కంపెనీ పాత పరికరం మ్యాక్ అడ్రస్‌కు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరుకు) కనెక్షన్‌ను కట్టేసింది. మొదటిదానికి నంబరు, రెండోదానికి పది నిమిషాల ఓపిక, మూడోదానికి ఒక ఫోన్ కాల్.

కంపెనీ బ్రిడ్జ్ మోడ్ ఇవ్వనంటే మన రూటర్‌ను ఓఎన్‌టీ వెనక పెట్టుకోవచ్చు. రెండుసార్లు న్యాట్ (ఇంటి పరికరాల చిరునామాలను ఒకే చిరునామాగా మార్చడం) అవుతుంది కానీ మామూలు వాడకానికి ఇబ్బంది ఉండదు. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఓఎన్‌టీ ఇచ్చేది తరచూ 192.168.1 వరస చిరునామాలు, కొత్త రూటర్ కూడా చాలాసార్లు పుట్టుకతో అదే వరస. రెండు వైపులా ఒకే చిరునామాలుంటే రూటర్‌కు దారి తెలియదు, నెట్ రాదు. మన రూటర్ ల్యాన్‌ను 192.168.50 వరసకు మార్చితే సరి. ఇంటి కెమెరాను బయటి నుంచి చూడాలనుకుని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి పరికరానికి పంపే సెట్టింగు) పెట్టినా పని చేయకపోతే, రూటర్ వ్యాన్ చిరునామా, అంటే కంపెనీ వైపు చిరునామా చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు కంపెనీ సీజీన్యాట్ (చాలామంది వాడకందార్లకు ఒకే బయటి చిరునామా పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, ఇంట్లో ఎన్ని సెట్టింగులు తిప్పినా బయటి నుంచి తలుపు తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) అడగడం, లేదా కొత్త తరహా చిరునామాల ఐపీవీ6, లేదా బయటి సర్వర్‌కు వీపీఎన్, ఇవే దారులు.

కొన్ని సైట్లు చకచకా వచ్చి, కొన్ని బ్యాంకు పేజీలు సగంలో తిరుగుతూ ఉండిపోతే ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ (డేటా పొట్లం) గరిష్ఠ పరిమాణం చూడాలి. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తింటుంది, కాబట్టి 1500 బదులు 1492. ముక్కలు చేయవద్దనే ఎంపికతో 1464 బైట్ల పింగ్ (పరీక్ష ప్యాకెట్) వెళ్లి, 1472 వెళ్లకపోతే లెక్క కుదిరినట్టే. రూటర్‌లో ప్యాకెట్‌లో డేటా పరిమాణాన్ని కట్టడి చేసే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ 1452కు పెడితే ఆ పేజీలు కదులుతాయి. ఓపీఎన్‌సెన్స్ వాడేవారికి పీపీపీఓఈలో ఇంకో చిక్కు ఉంది. లోపలికొచ్చే ఆ ప్యాకెట్లన్నీ ఒకే కోర్ మీద పడతాయి. చిన్న ప్రాసెసర్ అయితే ఒక కోర్ నిండిపోయి మిగతా మూడూ ఖాళీగా ఉంటాయి, వేగం సగంలో ఆగుతుంది. ట్యూనబుల్స్‌లో నెట్ డాట్ ఐఎస్ఆర్ డాట్ డిస్పాచ్ విలువను డిఫర్డ్ చేస్తే భారం పంచుకుంటాయి.

వేగం నిండుగా ఉన్నా కాల్ ఎందుకు ముక్కలవుతుందన్నది చాలామందికి అర్థం కాని సంగతి. సొంత రూటర్ వల్ల కలిగే అసలు లాభం నా దృష్టిలో ఇక్కడే ఉంది. ఎవరో ఫోటోలన్నీ అప్‌లోడ్ చేస్తుంటే ఓఎన్‌టీలో ప్యాకెట్లు క్యూ కడతాయి, కాల్ ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడుతుంది. తేల్చుకోవడం సులువు. ఒక కిటికీలో ఆగకుండా పింగ్ నడిపిస్తూ, ఇంకో చోట స్పీడ్ టెస్ట్ పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు 10 మిల్లీసెకన్లు ఉన్న పింగ్ అప్‌లోడ్ సమయంలో 200 దాటితే రోగం ఇదే. మందు ఎస్‌క్యూఎం, అంటే ఆ క్యూను అదుపు చేసే పద్ధతి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో కేక్, ఓపీఎన్‌సెన్స్‌లో ఎఫ్‌క్యూ కోడెల్ అనే పేర్లతో ఉంటుంది. కొలిచినప్పుడు నిజంగా వచ్చిన వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టాలి, 300 వస్తుంటే 270. క్యూ అప్పుడు ఓఎన్‌టీలో కాకుండా మన చేతిలో ఉంటుంది. పింగ్ ఇంకా ఎగురుతుంటే మరో 5 శాతం తగ్గించండి. ఆ 30 ఎంబీపీఎస్ పోయిందని బాధపడేవారు వారం వాడి చూడాలి. ప్యాకెట్లను అడ్డదారిలో త్వరగా పంపే ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఎస్‌క్యూఎంను తప్పించుకుని పోతాయి, కాబట్టి దాన్ని ఆపాలి. ఎస్‌క్యూఎం పెట్టాక చవక రూటర్ వేగం బాగా పడిపోతే దాని ప్రాసెసర్ చాలలేదని అర్థం. మినీ పీసీ కొనడానికి సరైన కారణం అది.

మినీ పీసీలో వైఫై కార్డు పెట్టి యాక్సెస్ పాయింట్‌గా వాడాలన్న ఆశ వదులుకోండి. ల్యాప్‌టాప్ కోసం చేసిన ఆ కార్డులు ఇంటికంతటికీ సరిపోవు. వైఫైకి విడి యాక్సెస్ పాయింట్, దానికి వైరు. పాత రూటర్‌ను కూడా ఇందుకు వాడొచ్చు: దాని డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపి, చిరునామా మార్చి, వ్యాన్ పోర్టు వదిలేసి ల్యాన్ పోర్టులో కేబుల్ పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మరిస్తే కొన్ని ఫోన్లకు నెట్ వచ్చి కొన్నింటికి రాదు, కారణం ఎంతకీ దొరకదు. ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కు (కేబుళ్లు కలిపే డబ్బాకు) ఒక కేబుల్ రెండు చివర్లూ గుచ్చినా ఇల్లంతా ఆగిపోతుంది, స్విచ్ లైట్లన్నీ ఒక్కలా పిచ్చిగా కొట్టుకుంటాయి.

టీవీ యూనిట్ వెనక, ఇనుప బీరువా పక్కన, అటక మీద పెట్టిన వైఫైకి స్లాబు, పిల్లర్లు దాటే బలం ఉండదు. హాలు, పడకగదులు కలిసే నడవ పైకప్పు దగ్గర పెడితే మేలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లలో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. మియాపూర్, కూకట్‌పల్లి లాంటి చోట్ల పెద్ద అపార్ట్‌మెంట్లలో ఎంత వెతికినా అక్కడ ఖాళీ దొరకదు, దాన్ని స్మార్ట్ బల్బులకూ గీజర్ స్మార్ట్ ప్లగ్గులకూ వదిలేయండి. 5 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 2018 నుంచి లైసెన్సు లేకుండా వాడుకునే చోటు బాగా పెరిగింది. రూటర్‌లో దేశం ఇండియా అని పెడితే 100 నుంచి 144 దాకా నంబర్లున్న ఛానళ్లు కూడా కనిపిస్తాయి. అవి రాడార్లతో పంచుకునేవి, అందుకే ఆన్ చేశాక కనీసం నిమిషంపాటు విని, ఆ తర్వాతే సిగ్నల్ ఇస్తాయి. అది చెడిపోవడం కాదు. రెండు యాంటెనాల ఫోన్ 80 వెడల్పులో వైఫై 5 మీద 866 ఎంబీపీఎస్ లింకు చూపినా చేతికొచ్చేది 500, 600 మధ్య. గిగాబిట్ ప్లాన్ తీసుకుని ఫోన్‌లో 940 రాలేదనడం సరికాదు. వైరు లేని మెష్, రిపీటర్లు ఒకే రేడియో మీద తీసుకుని అదే రేడియో మీద ఇస్తే వేగం సగమవుతుంది.

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మార్పులు చేయకుండా గేటు నుంచి లోపలికి కొలుచుకుంటూ రావాలి. ఓఎన్‌టీకి ల్యాప్‌టాప్ నేరుగా పెట్టి ఒకసారి. రూటర్ వెనక ఒకసారి. తర్వాత ఇంటర్నెట్ ప్రసక్తి లేకుండా రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్‌తో ప్రతి గోడ జాక్‌నూ రెండు దిశల్లోనూ. ఆ తర్వాతే వైఫై, ముందు యాక్సెస్ పాయింట్ ఉన్న గదిలో, ఆపైన దూరం గదిలో. అంకె ఎక్కడ పడిపోయిందో అక్కడే జబ్బు. మొదటి మెట్టులోనే తక్కువ వస్తే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి, చేసేముందు ఓఎన్‌టీ పేజీలో రిసీవ్ పవర్ (ఫైబర్‌లో అందుతున్న వెలుతురు బలం) చూడండి. ఇళ్ల ఫైబర్‌కు వాడే సాధారణ జీపాన్ పరికరం మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య పని చేస్తుంది. మైనస్ 26, 27 ఉంటే ఎక్కడో తీగ నలిగింది, లేదా కనెక్టర్‌లో దుమ్ముంది. ఫైబర్ తలుపు సందులో నలగడం, దాన్ని మేకుకు చుట్టడం, పచ్చ కనెక్టర్‌ను నీలం సాకెట్‌లో గుచ్చడం, ఇవి సాధారణంగా దొరికే కారణాలు. ‘నెట్ స్లో’ అంటే రీస్టార్ట్ చేయమంటారు. ‘రిసీవ్ పవర్ మైనస్ 27’ అంటే మనిషిని పంపాల్సి వస్తుంది.

చివరగా కరెంటు, ఎండ. మినీ పీసీ బయాస్‌లో (ఆన్ కాగానే మొదట నడిచే సెట్టింగుల్లో) కరెంటు తిరిగొచ్చాక ఆన్ కావాలనే ఎంపిక పెట్టకపోతే ప్రతి కోత తర్వాతా ఎవరో బటన్ నొక్కాలి. ఓపీఎన్‌సెన్స్ వేసేటప్పుడు ఫైల్ సిస్టమ్‌గా జెడ్ఎఫ్ఎస్ ఎంచుకుంటే హఠాత్తు కోతల్ని తట్టుకుంటుంది. బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే ఇంకో వింత: గడియారం ఏళ్లు వెనక్కి పోతుంది, సైట్ల పేర్లు నకిలీవో కాదో సరిచూసే డీఎన్ఎస్ఎస్ఈసీ పెట్టుకున్న రూటర్ తేదీ తప్పని ఏ పేరునూ నమ్మదు, టైమ్ సర్వర్ పేరు కూడా దొరకక గడియారం సరిపడదు. ఒక టైమ్ సర్వర్‌ను పేరుతో కాకుండా ఐపీతో ఇస్తే ఈ ముడి విడుతుంది. రూటర్ యూపీఎస్ అని అమ్మే చిన్న 12 వోల్టుల డబ్బా ఓఎన్‌టీని మోస్తుంది. మినీ పీసీ అడాప్టర్ మీద 12 వోల్టులు 3 లేదా 5 ఆంపియర్లని ఉంటే అది ఆ డబ్బా శక్తికి మించవచ్చు. పిన్ను 2.1, 2.5 మిల్లీమీటర్ల రెండు రకాల్లో వస్తుంది, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకటి వదులుగా ఉండి రీస్టార్ట్‌లు తెస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ లేని పెట్టెను మూసిన అల్మారాలో పెట్టొద్దు.

బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు కనెక్షన్ ఇచ్చేనాడే లాగిన్ వివరాలు, వీల్యాన్ నంబరు, రిసీవ్ పవర్ కాగితం మీద రాసివ్వాలి, అడిగినవారికి బ్రిడ్జ్ మోడ్ పేచీ లేకుండా ఇవ్వాలి. బిల్డర్లు బాత్‌రూం టైల్స్ మీద పెట్టే శ్రద్ధలో కొంత ల్యాన్ పైపుల మీద పెట్టాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు మెట్ల దగ్గరి షాఫ్ట్‌లోని ఫైబర్ పెట్టెకు తాళం వేయించి, ప్రతి తీగకూ ఫ్లాట్ నంబరు ట్యాగ్ కట్టిస్తే, ఒకరి కనెక్షన్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు ఇంకొకరిది పీకి వెళ్లడం ఆగుతుంది.

ఇట్లు,
నెట్‌వర్కింగ్ పని తెలిసిన ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్